ఓడ పేరు పట్టుకుని

లండన్ పెద్ద పట్నం. రెండు వందల ఏళ్ళ కింద ఆ పట్నంలో మేరీ వేడ్ అనే పిల్ల ఉండేది. మేరీది పేదిల్లు. వీధులు ఊడ్చేది. అడుక్కునేది. అలా దొరికిందే తిండి.

అది 1788 అక్టోబరు 5. మేరీ, జేన్ వైటింగ్ అనే ఇంకో పిల్ల కలిసి తిరుగుతున్నారు. జేన్‌కు పద్నాలుగేళ్ళు. మేరీకి పదకొండో, పన్నెండో. ఎనిమిదేళ్ళ పాప ఒకతి సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. వీళ్ళు ఆ పాపను నమ్మించి మరుగుదొడ్డిలోకి తీసుకెళ్ళారు. ఒంటి మీది నూలు గౌను ఒలుచుకున్నారు. టోపీ, భుజాల మీద కప్పుకునే చిన్న గుడ్డ కూడా తీసుకున్నారు. గౌను తాకట్టు కొట్టుకు చేరింది.

ఇంకో పిల్ల సంగతి చెప్పేసింది. మేరీ గదిలో ఆ చిన్న గుడ్డ దొరికింది. అంతే, మేరీని పట్టుకుపోయారు.

1789 జనవరి 14న ఓల్డ్ బెయిలీ అనే కోర్టులో విచారణ జరిగింది. ఇద్దరికీ ఉరిశిక్ష వేశారు. ఒక గౌను, ఒక టోపీ, ఒక గుడ్డ ముక్క. వాటికి రెండు ప్రాణాలు! ఆ రోజుల్లో ఇంగ్లండు చట్టం అలాగే ఉండేది. పేదవాళ్ళ దొంగతనం మీదే దాని కోపమంతా.

ఆ రోజుల్లోనే ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చెడింది. 1789 మార్చిలో రాజుకు నయమైంది. ఆ సంతోషంలో, ఉరిశిక్ష పడ్డ ఆడవాళ్ళకు శిక్ష మార్చారు. ఉరికి బదులు ద్వీపాంతరం. అంటే సముద్రాలు దాటించి దూరదేశంలో వదిలెయ్యడం. కోర్టులో ఈ మాట చెబితే కొందరు ఆడవాళ్ళు ముందు ఒప్పుకోలేదు. అంత దూరం పోవడం కన్నా ఉరే నయం అన్నారు. మన దేశంలోనూ 1858 నుంచి తెల్లదొరలు ఖైదీలను అండమాన్ దీవులకు పంపారు. మనవాళ్ళు దాన్ని కాలాపానీ అనేవారు. ఆ భయం ఎలాంటిదో మన పెద్దలకు తెలుసు.

మేరీని ఎక్కించిన ఓడ పేరు లేడీ జూలియానా. ఆ ఓడలో రెండు వందల మందికి పైగా ఆడ ఖైదీలు ఉన్నారు. 1789 జులైలో ఓడ ఇంగ్లండు వదిలింది. 1790 జూన్ 3న ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరింది. పది నెలలకు పైగా నీళ్ళ మీదే! ఓడలో పీపాలు చేసే జాన్ నికోల్ అనే మనిషి ఒక ఆడ ఖైదీని ఇష్టపడ్డాడు. వాళ్ళకు ఓడలోనే బిడ్డ పుట్టాడు. సిడ్నీ రాగానే అతను ఓడతో వెళ్ళిపోవాల్సి వచ్చింది. తల్లీబిడ్డా అక్కడే ఉండిపోయారు. ముసలితనంలో అతను చెప్పిన కథ 1822లో పుస్తకంగా వచ్చింది. ఆ ఓడలో బతుకు ఎలా ఉండేదో ఆ పుస్తకం వల్లే చాలావరకు తెలిసింది.

సిడ్నీలో అప్పుడు కరువు. సరుకులు తెస్తున్న ఇంకో ఓడ మంచుకొండకు గుద్దుకుంది. అక్కడివాళ్ళు తిండి వస్తుందని ఎదురు చూస్తుంటే ఆడవాళ్ళు దిగారు. తినే నోళ్ళు పెరిగాయని అధికారులు విసుక్కున్నారు. కొద్ది వారాలకే మేరీని నార్‌ఫోక్ అనే చిన్న దీవికి పంపారు. అక్కడ ఆమె టీగ్ హారిగన్ అనే అతనితో కాపురం చేసింది. పిల్లలు పుట్టారు. తరువాత వాళ్ళు మళ్ళీ సిడ్నీ వైపు వచ్చారు. 1806లో హారిగన్ తిమింగలాల వేటకు పోయాడు. మళ్ళీ తిరిగి రాలేదు.

పిల్లలతో మిగిలిన మేరీ జోనాథన్ బ్రూకర్‌తో బతుకు మొదలెట్టింది. అతనూ ఖైదీగా వచ్చినవాడే. వాళ్ళు 1817లో చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళకు ముప్పై ఎకరాల నేల ఉండేది. 1823లో కార్చిచ్చు వచ్చింది. ఉన్నదంతా బూడిదైంది. అయినా ఇద్దరూ చెయ్యి దించలేదు. 1828 నాటికి ఇల్లవారా అనే చోట అరవై రెండు ఎకరాలకు వచ్చారు. జోనాథన్ 1833లో పోయాడు. మేరీ ఆ తరువాత ఇరవై ఆరేళ్ళు బతికింది. 1859 డిసెంబరు 17న కన్ను మూసింది. అప్పటికి ఎనభై దాటాయి. ఆమె కన్న బిడ్డలు ఇరవై ఒక్క మంది అని చెబుతారు. ఆమె పోయేనాటికి పిల్లలు, మనుమలు, మునిమనుమలు కలిపి మూడు వందల మందికి పైగా ఉన్నారు.

సరే, ఈ కథంతా ఎలా తెలిసింది? మేరీ తన కథ రాసి పెట్టలేదు.

1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకు లక్షా అరవై రెండు వేల మంది ఖైదీలను పంపారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఇరవై అయిదు వేల దాకా ఉంటారు. వాళ్ళ పిల్లలు, మనుమలు చాలా కాలం ఆ మాట దాచారు. మా తాత ఖైదీ, మా అవ్వ దొంగ అని ఎవరు చెప్పుకుంటారు? సంబంధాలు కుదరవని భయం. సొంత ఖర్చుతో ఓడెక్కి వచ్చినవాళ్ళమని చెప్పుకునేవారు. అలా రెండు మూడు తరాలు గడిచేసరికి ఇంట్లోవాళ్ళకే అసలు సంగతి తెలియకుండా పోయింది. 1970ల తరువాత మనుషుల మనసు మారింది. మా అవ్వ ఎవరు, ఏ తప్పుకు ఆమెను పంపారు, ఎలా బతికింది అని వెతకడం మొదలెట్టారు.

మగవాళ్ళ జాడ తేలిక. పుట్టిన పేరే చచ్చేదాకా ఉంటుంది. ఆడవాళ్ళ జాడ కష్టం. మేరీనే చూడండి. కోర్టు కాగితంలో ఆమె వేడ్. తరువాత హారిగన్ మనిషి. ఆపైన బ్రూకర్. మూడు పేర్లూ ఒక్క మనిషివే అని ఎలా తెలుస్తుంది? పైగా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. మన రేషను కార్డులో లక్ష్మమ్మ, ఓటరు జాబితాలో లచ్చమ్మ అయినట్టు. చాలా మంది ఖైదీ ఆడవాళ్ళకు చదువు రాదు. తప్పు రాసినా చూసి దిద్దలేరు. సంతకం చోట అడ్డగీత మీద అడ్డగీత గీసేవారు. మన వేలిముద్ర లాగే. మేరీ పుట్టిన ఏడాది కూడా 1775 అని కొందరు, 1777 అని కొందరు అంటారు.

అయితే ఒకటి మాత్రం మారదు. అది ఓడ పేరు. ఖైదీ ఏ ఓడలో వచ్చిందో, ఏ ఏడాది వచ్చిందో కాగితాల్లో రాసేవారు. 1828లో అక్కడ జనాభా లెక్కలు తీశారు. ఓడలో వచ్చినవాళ్ళ పేర్ల పక్కన ఓడ పేరు, వచ్చిన ఏడాది రాశారు. ఖైదీగా వచ్చారా, స్వేచ్ఛగా వచ్చారా, అక్కడే పుట్టారా అని కూడా రాశారు. ఇంటిపేరు మారినా ఓడ పేరు పట్టుకుంటే మనిషి దొరుకుతుంది.

వెతికేవాళ్ళు వెనక నుంచి ముందుకు పోతారు. మొదట తమ అమ్మానాన్నల పుట్టిన కాగితం. తరువాత వాళ్ళ అమ్మానాన్నలది. చర్చి పుస్తకంలో బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజు, తల్లి పేరు ఉంటాయి. ఆమె పెళ్ళి కాగితం, భూమి కాగితం చూస్తారు. అక్కడి నుంచి ఓడ జాబితా. అందులో ఏ ఊళ్ళో ఏ కోర్టు ఎప్పుడు శిక్ష వేసిందో ఉంటుంది. ఆ తేదీతో కోర్టు పుస్తకం తెరుస్తారు. ఓల్డ్ బెయిలీలో జరిగిన విచారణలను అప్పుడే అచ్చు వేసేవారు. 2003 నుంచి వాటిని కంప్యూటరులో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదవవచ్చు. మేరీ మీద ఎవరు ఏం సాక్ష్యం చెప్పారో ఇప్పటికీ అక్కడ ఉంది. పసిపిల్లను ఉరికి పంపిన కోర్టే ఆమె గుర్తును కూడా దాచిపెట్టింది.

ఈ ఖైదీల కాగితాలు ఎంతో విలువైనవని ఐక్యరాజ్య సమితి సంస్థ యునెస్కో 2007లో గుర్తించింది. మేరీ వంశంవాళ్ళు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఒకరు కెవిన్ రడ్. ఆయన 2007లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి అయ్యారు. 2008లో ఆయన వంశ చరిత్ర కాగితాలను ఆయన చేతికే ఇచ్చారు. అందులో గౌను దొంగతనం సంగతి కూడా ఉంది.

ఇప్పుడు మీరు ఒక తెల్ల కాగితం తీసుకోండి. కింద మీ పేరు రాయండి. దాని పైన మీ అమ్మ పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి. దాని పైన అమ్మమ్మవి. ఆ పైన అమ్మమ్మ తల్లివి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఖాళీ వదలండి. ఇంట్లో ముసలమ్మలు ఉంటే అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. కాగితం వెనక, రాసిన తేదీ వేయండి.