వెనక ఎర్ర బిళ్ళ

డిసెంబరులో మన బరంపురంలో 5.15 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. చివరి క్లాసు అయ్యి ఇల్లు చేరేసరికి చీకటే. సైకిలు మీద మనకి దారి కనిపిస్తే చాలదు, వెనక వచ్చేవాళ్ళకి మనం కనిపించాలి.

గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి 11 మీటర్లు కదులుతుంది. మనల్ని చూసి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పడితే, ఆలోపే 16 మీటర్లు దాటేస్తుంది. ఆగడం మొదలయ్యేది ఆ తర్వాతే. అందుకే దూరం నుంచే కనిపించాలి.

మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టరు సొంతంగా వెలగదు. దాని లోపల ఒకదానికొకటి లంబంగా ఉండే మూడేసి చిన్న తలాలు ఉంటాయి. వెలుగు ఎటునుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద పెట్టిన పరికరానిదీ ఇదే సూత్రం.

కానీ దుమ్ము పట్టినా, చున్నీ వేలాడి కప్పేసినా, బండి పక్క సందులోంచి వచ్చినా అది పనిచేయదు. వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. చున్నీ ముడేసుకోండి, చక్రంలో కూడా పడదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టుకోండి.

మా ఇంట్లో అమ్మ ఒడియాలో, నాన్న తెలుగులో చెప్పేది ఒకటే: "చీకటి పడితే ఆ క్లాసు మానెయ్." క్లాసు మానక్కర్లేదు, కనిపించేలా వస్తే చాలని వాళ్ళకి చూపిద్దాం.