జలాశయం మోడల్ మీ చేతికొస్తే

నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్లకు (ఏఈఈ) ఈమధ్య తరచూ తగులుతున్న పని ఒకటుంది. "నీకు కంప్యూటర్ బాగా వచ్చుగా, ఈ ఆపరేషన్ మోడల్ సంగతి చూడు" అని పై అధికారి ఒక ఫైలు చేతిలో పెడతారు. కుర్రాళ్లు వెంటనే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వెతకడం మొదలుపెడతారు. కాస్త ఆగండి. మొదటి నెలంతా ఎక్సెల్ దాటకపోయినా నష్టం లేదు. మోడళ్లు దారి తప్పేది చాలావరకు ప్రోగ్రాములో కాదు, మనం దానికి పెట్టే అంకెల్లో.

నాగార్జునసాగర్‌నే తీసుకుందాం. పూర్తి మట్టం 590 అడుగులు. కట్టినప్పటి లెక్కలో ఆ మట్టానికి 408 టీఎంసీలు, పూడిక సర్వే తర్వాత 312. పాత పట్టిక ఏదో ఒక కంప్యూటర్లో ఇంకా బతికే ఉంటుంది. అదే మీకు మెయిల్లో వచ్చిందనుకోండి, లేని 96 టీఎంసీలను ఆయకట్టుకు పంచేస్తారు. శ్రీశైలం కథా అంతే, 308 కాస్తా 215 అయింది. కాబట్టి పట్టిక ఏ సర్వేదో ముందు తేల్చుకోండి. ఇక ఆ 312లోనూ కనీస మట్టం 510 అడుగుల కింద ఉండే 131 టీఎంసీలను మామూలు ఏడాదిలో కాలువల లెక్కలో వేసుకోకూడదు. నికరంగా చేతిలో ఉండేది దాదాపు 180.

తర్వాత ఇన్‌ఫ్లో. పేపర్లో రోజూ చూసే ఇన్‌ఫ్లో అంకెను ఎవరో నదిలో దిగి కొలిచారనుకుంటాం. చాలా ప్రాజెక్టుల్లో అది కొలత కాదు. నిన్నటి మట్టానికీ ఇవాళ్టి మట్టానికీ తేడా చూసి, వదిలిన నీరు, ఆవిరి కలిపి వెనక్కి రాబట్టిన లెక్క. సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీరు దాదాపు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. గేజి మీద అడుగులో పదోవంతు తేడా వస్తే 0.3 టీఎంసీ, అంటే రోజంతా పారే మూడున్నర వేల క్యూసెక్కులు! గాలి గట్టిగా వీచి అలలు లేచిన పూట రీడింగు ఆ మాత్రం అటూఇటూ కావడంలో వింతేమీ లేదు. వానలు వెనక్కి తగ్గాక, చెరువులా నిశ్చలంగా ఉండాల్సిన రోజుల్లో ఇలా లెక్కగట్టిన ఇన్‌ఫ్లో మైనస్‌లో కనిపించేది ఇందుకే. చాలామంది ఆ మైనస్‌లను సున్నా చేసి ముందుకు పోతారు. దయచేసి ఆ పని చేయకండి. మైనస్‌లు తీసేసి, అదే పొరపాటు వల్ల పుట్టిన ప్లస్‌లు ఉంచేస్తే ఏడాది చివరికి రాని నీరు వచ్చినట్టు తేలుతుంది. పది రోజుల సగటు తీసుకోండి, పొరపాట్లు ఒకదానికొకటి చెల్లిపోతాయి.

ఏ ఏళ్ల వరుస వాడాలన్నదీ ముఖ్యమే. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, 75 శాతం నమ్మకంతో కృష్ణలో 2,060 టీఎంసీలని తేల్చింది. రాష్ట్రాల వాటాల వాదనకు ఆ వరుస కావాలి. వచ్చే ఆగస్టులో సాగర్‌కు ఏపాటి వస్తుందో అది చెప్పలేదు, పైన ఆల్మట్టి నుంచి శ్రీశైలం దాకా కట్టలు లేచాక నది నడకే మారిపోయింది. ఆ కట్టలన్నీ వచ్చాక గడిచిన ఏళ్లు తీసుకోండి. వాటిలో 2002-03, 2003-04, 2015-16 కరువులు, 2009 అక్టోబరు వరద తప్పక ఉండాలి.

అవసరాల వైపు పంట నీటి లెక్కకు క్రాప్‌వాట్ ఉంది, ఉచితం. దానితో తంటా లేదు. తంటా కాలువతో. సాగర్ కుడి కాలువ 203 కిలోమీటర్లు, తలదగ్గర సామర్థ్యం 11,000 క్యూసెక్కులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితేగానీ ఒక టీఎంసీ కాదు. అంటే నిండుగా పారినా నెలకు దాదాపు 28.5 టీఎంసీలే, దానికి కేటాయించిన 132 టీఎంసీలకు నాలుగున్నర నెలలు పైగా పడుతుంది. ఈ హద్దు పెట్టని మోడల్ ఆగస్టులో ఎండిన పొలాలకు సెప్టెంబరులో 40 టీఎంసీలు పంపి చేతులు దులుపుకుంటుంది. అన్నట్టు, ఒక పూట మేజర్ కాలువ మీద లష్కర్‌తో తిరిగి రండి. ఎక్కడ గట్టు కారుతోందో, ఏ ఊరి దగ్గర రాత్రి మోటార్లు పడతాయో అతను చెబుతాడు. కాలువ మొత్తానికి ఒకే నష్టం శాతం రాసుకున్న గడి అప్పుడు మీకే రుచించదు.

ఇక ఆప్టిమైజేషన్. మొత్తం లోటు తక్కువగా ఉండాలని లీనియర్ ప్రోగ్రామింగ్‌కు చెప్పారనుకోండి. ఐదు పక్షాల్లో రెండేసి టీఎంసీలు తగ్గడమూ, ఒకే పక్షంలో పది తగ్గడమూ దాని కంటికి ఒకటే. వరి పొట్ట మీదున్న అక్టోబరులో నిర్మొహమాటంగా కాలువ కట్టేయమంటుంది. లోటు వర్గాన్ని (స్క్వేర్) తగ్గించమనండి, లేదా పంట దశను బట్టి బరువులివ్వండి, పక్షానికింత కంటే తగ్గకూడదని అడుగు హద్దు కూడా పెట్టండి. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఏడాది ఇన్‌ఫ్లో మొత్తం ఒకేసారి ఇచ్చి నడిపితే, అక్టోబరులో రాబోయే వరద మోడల్‌కు జూన్‌లోనే తెలిసిపోతుంది. గేటు దగ్గర నిలబడ్డ ఈఈకి తెలియదు. రిపోర్టుల్లో కనిపించే గొప్ప ఫలితాలు కొన్ని ఇలా పుట్టినవే. అందుకని మోడల్‌ను పక్షం పక్షం నడపండి. ఆగస్టు ఒకటిన నిర్ణయం తీసుకోవాలంటే ఆ రోజుకు చేతిలో ఉన్న మట్టం, గత ఏళ్ల అనుభవం మాత్రమే దానికివ్వండి. అప్పుడే ఒక పనికొచ్చే సంగతి బయటపడుతుంది: నిల్వ తక్కువగా ఉన్న ఏడాది నాట్లకు ముందే ఆయకట్టులో కోత పెట్టడమా, అందరికీ ఇచ్చి చివర్లో చేతులెత్తేయడమా? నా మటుకు మొదటిదే మేలు. నాటని ఎకరంలో రైతుకు పోయేది ఆ సీజను రాబడి. నాటి, ఎరువు చల్లాక ఎండిన ఎకరంలో దానికి తోడు అప్పు కూడా మిగులుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు రండి. ఒక జలాశయం, రెండు కాలువలకు ఎక్సెల్ చాలు. వరుస జలాశయాలకు హెచ్‌ఈసీ-రెస్‌సిమ్ ఉచితం. బేసిన్ మొత్తం పంపకాలకు వీప్ ఉంది, మన దేశంలోని ప్రభుత్వ శాఖలకు లైసెన్సు ఖర్చు లేదు. పైథాన్ కొద్దిగా నేర్చుకుంటే ఉద్యోగం మారినా వెంట వస్తుంది.

సమావేశంలో మిలియన్ ఘనపు మీటర్లు మాట్లాడకండి. అక్కడ అడిగేవి రెండే: ఎన్ని ఎకరాలకు ఇవ్వొచ్చు, చివరి భూములకు నీరు ఏ తేదీకి అందుతుంది. ఒక్క అంకె చెప్పి ఇరుక్కోవద్దు. ఇదే మట్టంతో ఆగస్టు మొదలైన పాత ఏళ్లు వరుసగా చూపించి, వాటిలో ఎన్నింటిలో ఆయకట్టు గట్టెక్కిందో చెప్పండి. నోట్ మొదటి పేజీలోనే ఏ సర్వే పట్టిక, ఏ ఏళ్ల వరుస, కాలువ నష్టం ఎంత అనుకున్నారో రాసి తేదీ వేయండి. బదిలీ మీద మీరు వెళ్లాక ఆ కుర్చీలోకి వచ్చేవారు ముందు వెతికేది ఆ పేజీనే.