దగ్గరనుకొనిన దూరము
(చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27:27–44)

ఈ భాగము విప్పకమునుపు అమెరికా దేశములో జరిగిన యొక సంగతి చెప్పెదను. అది 2022వ సంవత్సరము నవంబరు 27, ఆగమన కాలపు మొదటి ఆదివారము. ఒకే ఇంజను గల మూనీ అను చిన్న సొంత విమానము న్యూయార్కు రాష్ట్రములోని వైట్ ప్లెయిన్స్‌నుండి మేరీలాండ్ రాష్ట్రములోని గేథర్స్‌బర్గ్‌నకు వచ్చుచుండెను. అందులో నడుపుచున్న ఆయనయు, ఒక స్త్రీయు, ఇద్దరే యుండిరి. సాయంకాలము 5:40 ప్రాంతమున, చీకటిపడి పొగమంచు కమ్మియున్న వేళ, విమానాశ్రయము ఇంకను మైలునకు పైగా దూరముండగానే, అది కరెంటు తీగలను మోయు పెద్ద ఇనుప స్తంభమును గుద్దుకొని, నేలకు సుమారు 100 అడుగుల ఎత్తున అందులోనే చిక్కుకొనెను.

ఇట్లేల జరిగెను? పొగమంచులో దిగువానికి నేల కానరాదు. అందుకై త్రోవయంతయు ముందుగానే కాగితముపై నిర్ణయింపబడియుండును. ఫలాని గురుతు దాటువరకు ఇంత ఎత్తు, తరువాతి గురుతు దాటువరకు ఇంత ఎత్తు అని, మేడమెట్లవలె. కడపటి మెట్టునకు వచ్చియు రన్‌వే దీపములు కానరానియెడల, ఒక అడుగైనను దిగక, ఇంజనుకు బలమిచ్చి పైకి లేచిపోవలెను. మరల ప్రయత్నింపవచ్చును, లేదా వేరొక ఊరికి పోవచ్చును. అందులో సిగ్గేమియు లేదు. ఎత్తు చూపు యంత్రము కంటియెదుటనే యుండును. అయినను ఆ రాత్రి ఆ విమానము మెట్లకంటె తక్కువ ఎత్తున వచ్చినది.

ఆయన స్తంభములో వ్రేలాడుచునే ఫోనుచేసి, తాను దిగవలసినదానికంటె క్రిందికి దిగితిననియు, విమానాశ్రయమునకు ఉన్నదానికంటె దగ్గరగా ఉన్నానని తలంచితిననియు చెప్పెను. సాకులు వెదకకుండ చెప్పిన ఆ మాటను నేను గౌరవించుచున్నాను. దగ్గరే అనుకొనుట మనకు క్రొత్తయా? రాత్రి ప్రార్థనకూటము ముగించుకొని సైకిలుమీద వచ్చునప్పుడు, ఊరి చివరి ఇంటి దీపము చేతికందునట్లే కనబడును. కాలువగట్టు వెంబడి తొక్కినకొలది అది అక్కడనే యుండును! చీకటిలో దీపము దూరము చెప్పదు.

ఇప్పుడు మన భాగము చూడుడి. పదునాలుగవ రాత్రి, నడిజామున, ఓడవారికి నేల సమీపించుచున్నట్లు తోచెను. వారు అనుభవముగలవారే. అయినను తోచినదానిని నమ్మి ముందుకు పోలేదు. గుండుకట్టిన త్రాడు నీటిలోనికి విడిచి చూచిరి. ఇరువది బారలు. కొంత దూరము పోయి మరల విడిచిరి. పదునైదు. బార యనగా చేతులు రెండును చాచినంత, సుమారు ఆరడుగులు; అనగా 120 అడుగుల లోతు 90 అడుగులైనది. రెండు కొలతలు చాలెను. అమరమునుండి నాలుగు లంగరులు వేసి, తెల్లవారుటకై కనిపెట్టుకొనిరి. లంగరులు ఓడ వెనుకనుండి వేయుట గమనింపదగినది. ఓడ గిరగిర తిరుగక, ముందుభాగము దరివైపుననే నిలుచును.

అయితే నిలుచుట కష్టము. ఓడవారు పడవ దింపుకొని పారిపోజూచిరి. ఎవరు ఆపిరో 31వ వచనములో చదువుడి. విమానములోని ఇద్దరికిని నిలుచుట తప్ప వేరు దారి లేకపోయెను. కదలినయెడల విమానము జారునేమోయను భయము. క్రిందనున్న రక్షకులును వెంటనే ముట్టుకొనలేదు. కరెంటు ఆపినంతమాత్రమున చాలదు; తీగలలో మిగిలిన శక్తి నేలలోనికి పోవునట్లు ఎర్తు కట్టవలెను. అది ముగిసిన తరువాతనే విమానమును స్తంభమునకు బిగించి కట్టిరి. ఈలోగా సుమారు 1,20,000 ఇండ్లకును దుకాణములకును దీపములు లేకపోయెను. మరునాడు ఆ కౌంటీలో బడులు మూసివేసిరి. ఇద్దరి ప్రాణములకొరకు ఇందరు చీకటిలో నుండిరి. వారిలో ఎందరు సణిగిరో గాని, పని తొందరపెట్టబడలేదు.

దాదాపు ఏడు గంటలు గడచెను. అర్ధరాత్రి దాటి 12:25కు మొదటివారిని, 12:36కు రెండవవారిని దింపిరి. ఇద్దరును గాయములతో, చలికి బిగుసుకొనిపోయి, ప్రాణములతో నుండిరి.