ప్యాడ్లను తిట్టకండి, పిన్నులు చూడండి

ప్రశ్న: వెనక డిస్కుల దగ్గర చేరిన దుమ్మును మెకానిక్ కంప్రెసర్ గాలితో ఊదేస్తున్నాడు. పరవాలేదా? – ఒక పాఠకుడు, రామవరప్పాడు

జవాబు: ఊదనివ్వకండి. ఆ నల్ల దుమ్ము పోయేది ఆ కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవమనండి.

ప్రశ్న: మా కారుకి నాలుగూ డిస్క్ బ్రేకులే. వెనక ప్యాడ్లు మార్పించి ఏడాది కాలేదు. ఎడమ చక్రానికి లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోయింది, బయటిది ఇంచుమించు కొత్తదానిలాగే ఉంది. నాసిరకం అంటగట్టారంటారా? ఈసారి మా అబ్బాయి తానే మారుస్తానంటున్నాడు. అన్నట్టు, 2024 వరదలో సింగ్‌నగర్‌లో మా అత్తగారింటి దగ్గర బండి మునిగింది. – ఒక పాఠకురాలు, పటమట

జవాబు: ప్యాడ్లను తిట్టకండమ్మా. మీ ఉత్తరం చివరి వాక్యంలోనే జవాబుంది.

పిస్టన్ లోపలి ప్యాడును నెడుతుంది. ఆ ఊపుకి క్యాలిపర్ రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడును డిస్కుకు అదుముతుంది. పిన్ను తుప్పుపట్టి బిగుసుకుందా, క్యాలిపర్ జరగదు, భారమంతా లోపలి ప్యాడు మీదే. ఆ బుడమేరు వరద నీళ్లలో నానిన బళ్లకి ఇంజన్లు, సీట్లు బాగు చేయించుకున్నవాళ్లలో పిన్నుల సంగతి తలచినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. అలాంటి బండి పిన్ను ఒకటి నా ముందే తీశారు. వేళ్లతో లాగితే రావాల్సింది సుత్తి దెబ్బలు తిని వచ్చింది. రబ్బరు తొడుగులో గ్రీజు లేదు, ఎండిన ఒండ్రుమట్టి ఉంది.

ఎన్నేళ్ల నుంచో మొత్తుకుంటున్నాను: ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ పిన్నులు బయటికి తీయించి, తుడిపించి, సిలికాన్ బ్రేక్ గ్రీజు రాయించండి. బేరింగులకి పూసే గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. ఆటోనగర్ మీకు పక్కనే కదా, ప్యాడ్లతోపాటు పిన్నుల రబ్బరు కిట్టూ అడిగి తీసుకోండి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. పని జరుగుతున్నంతసేపూ టీకొట్టుకి వెళ్లకుండా బండి దగ్గరే నిలబడండి.

అబ్బాయిని చేయనివ్వండి, నాకు సంతోషం. ముందు చక్రాలకి అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, బండిని స్టాండు మీద నిలపాలి. ఒట్టి జాకీని నమ్మకూడదు. చాలా కార్లలో వెనక పిస్టన్‌లోనే హ్యాండ్ బ్రేకు మర ఉంటుంది. దాన్ని క్లాంపుతో బలవంతంగా నొక్కితే పాడవుతుంది, తిప్పుతూ లోపలికి దించాలి. బటన్ నొక్కే హ్యాండ్ బ్రేకైతే సర్వీస్ మోడ్‌లో పెట్టాకే ముట్టుకోవాలి. విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టమనండి.

అన్నీ బిగించాక, బండి కదిపేముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి రెండు మూడు తొక్కులకి అది నేలదాకా పోతుంది. ఇంటి ముందే తొక్కమనండి, గేటు దాటాక బండి ఆగదు.