కొత్త తొట్టెకు తోడు – తొలి చేపల ఎంపిక

పెరటి అలంకార చేపల యూనిట్లకు ఋణం కోరుతూ వచ్చే అనేక దరఖాస్తులలో అద్దపు తొట్టెలు, గాలి పంపు, పందిరి, చేపలు అన్నీ ఒకే పట్టికలో, ఒకే వారంలో కొనుగోలు చేయునట్లుగా చూపబడి ఉంటాయి. సోమవారం తొట్టెలు వస్తాయి. మంగళవారం నీరు నింపుతారు. బుధవారం చేపలు దిగుతాయి. ఆపై వారం గడిచేలోగా చేపలు నీటి ఉపరితలానికి చేరి నోరు తెరచి ఆయాసపడడం, ఒక్కొక్కటిగా వెల్లకిలా తేలడం మొదలవుతుంది. నీరు మాత్రం అద్దంవలె తేటగానే ఉంటుంది. నాసిరకం చేపలు అంటగట్టినాడని పెంపకందారు విక్రేతను నిందిస్తారు. చూచుకొనడం చేతకాలేదని విక్రేత అంటాడు. చాలా సందర్భాలలో తప్పు చేపలది కాదు. తొట్టె అప్పటికి తయారు కాలేదు.

ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన 2020 మార్గదర్శకాలలో పెరటి అలంకార చేపల యూనిట్ వ్యయం 3 లక్షల రూపాయలుగాను, సబ్సిడీ సాధారణ వర్గానికి 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు 60 శాతంగాను నిర్ణయించబడినది. తక్కిన మొత్తం లబ్ధిదారు సొంత సొమ్ము లేదా బ్యాంకు ఋణం. చేపలు చచ్చినంత మాత్రాన ఆ ఋణం తగ్గదు; రెండవసారి చేపలు కొనే ఖర్చు పూర్తిగా చేతి నుండి పెట్టుకొనవలసినదే. కనుక తొట్టెలో మొట్టమొదట ఏ చేపను, ఎన్నింటిని వదలవలెనన్నది చిన్న ప్రశ్నగా కనిపించినా యూనిట్ నిలబడడం, పడిపోవడం దానిపైనే ఆధారపడి ఉన్నది.

కంటికి కనిపించని పని

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుండి అమ్మోనియా ఏర్పడి, అధిక భాగం మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా అదే వస్తుంది. చెరువులో అమ్మోనియాను నాచు, బురద, సూక్ష్మజీవులు పంచుకొంటాయి. రెండడుగుల అద్దపు తొట్టెలో అది ఎటూ పోలేదు. దానిని మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఇసుక మీద, స్పంజి వడపోత రంధ్రాలలో స్థిరపడవలెను. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపకు విషమే. నైట్రేటు అంత ప్రమాదకరం కాదు; వారంవారం కొంత నీరు మార్చితే అదుపులో ఉంటుంది. నైట్రైటును మార్చే పని నైట్రోబాక్టరుదని పాత పుస్తకాలు చెప్పినవి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా జాతివి చేస్తున్నట్లు 1998లో ప్రచురితమైన పరిశోధన తెలియజేసినది. పేరు ఏదైనా పెంపకందారు గుర్తుంచుకొనవలసిన లక్షణం ఒక్కటే: ఇవి మందకొడి జీవులు. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు ఒక రాత్రిలో పని పూర్తి చేస్తాయి. ఇవి తమ సంఖ్యను రెట్టింపు చేసుకొనడానికే ఇంచుమించు ఒక రోజు తీసుకొంటాయి. అందువల్ల కొత్త తొట్టె తోడుకొనడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

ఈ వ్యవధిలో ఆ సూక్ష్మజీవులకు కొద్దికొద్దిగా అమ్మోనియా అందుతూ ఉండవలెను. అందించేది తొలి చేప. ఎక్కువ అందిస్తే తానే చస్తుంది.

మేత లెక్కలోనే ఎంపిక ఉన్నది

24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గల తొట్టెలో అంచు వరకు సుమారు 56 లీటర్లు పడుతుంది. ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 45 లీటర్లు నిలుస్తుంది. 40 శాతం మాంసకృత్తులు గల మేత ఒక గ్రాము తిన్న చేపల నుండి సుమారు 37 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని విడుదలవుతుందని చేపల పెంపక శాస్త్రంలో వాడే అంచనా. అనగా 45 లీటర్లలో లీటరుకు 0.8 మిల్లీగ్రాములు.

ఇప్పుడు రెండు రకాల కొనుగోళ్ళను పోల్చి చూడండి. అర గ్రాము తూగే జీబ్రా చేపలు ఐదు: మొత్తం రెండున్నర గ్రాములు. శరీరపు బరువులో 2 శాతం చొప్పున రోజుకు మేత 0.05 గ్రాము, లీటరుకు చేరే అమ్మోనియా సుమారు 0.04 మిల్లీగ్రాము. పదిహేనేసి గ్రాముల గోల్డ్ ఫిష్ నాలుగు: అరవై గ్రాములు, మేత 1.2 గ్రాములు, అమ్మోనియా రోజుకు లీటరుకు ఒక మిల్లీగ్రాము. తేడా ఇరవై రెట్లకు పైన. గోల్డ్ ఫిష్ మొండిదని, చవక అని దానితోనే ప్రారంభించమని చెప్పే దుకాణదారులు ఎందరో ఉన్నారు. అది మొండిదే కావచ్చును. కాని చిన్న కొత్త తొట్టెకు అది మోయలేని భారం.

మన ప్రాంతపు నీటి స్వభావాన్ని కూడా ఇక్కడ చేర్చి చూడవలెను. అమ్మోనియాలో విషభాగం పి.హెచ్. పెరిగిన కొద్దీ పెరుగుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కన్న తక్కువే విషరూపంలో ఉంటుంది, పి.హెచ్. 8 ఉన్నప్పుడు 6 నుండి 7 శాతం. తెలుగు జిల్లాలలోని అనేక బోరుబావుల నీరు కఠినమైనది, క్షారగుణం కలది. విషభాగం లీటరుకు 0.02 నుండి 0.05 మిల్లీగ్రాము దాటితే మొప్పలకు హాని ఆరంభమవుతుంది. అనగా బోరునీటి తొట్టెలో మొత్తం అమ్మోనియా అర మిల్లీగ్రాముకు చేరడమే ప్రమాద సూచన. చల్లని దేశాల పుస్తకాలలోని సలహాలను యథాతథంగా అనుసరించరాదని చెప్పడానికి ఇదొక కారణం.

ఏ చేపతో ఆరంభించవలెను?

నా అభిప్రాయంలో ప్రథమ స్థానం జీబ్రా చేపదే. నాలుగు సెంటీమీటర్లకు మించదు. శీతాకాలపు చల్లదనాన్ని, మన వేసవి వేడిని కూడా ఓర్చుకొంటుంది. కఠిన జలంలో బాగుగానే ఉంటుంది. ఏ మేతనైనా తింటుంది. పైగా ఇది పరాయి చేప కాదు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రచురించిన గంగానది చేపల గ్రంథంలో దీనిని తొలిసారిగా వర్ణించినాడు. డానియో అనే శాస్త్రీయ నామం వరిచేలకు సంబంధించిన ధాని అనే బెంగాలీ మాట నుండి వచ్చినది. విదేశీ పేరుతో దుకాణంలో కనిపించే ఈ చారల చేప పూర్వీకులది మన ఉపఖండపు వాగులు, వరిమళ్ళే. ఇది గుంపు చేప. ఒకటి రెండు కొనరాదు, ఐదైనా ఉండవలెను. చక్కగా ఎగురుతుంది కూడా. తొట్టెకు మూత గాని, సన్నని వల గాని లేకపోతే ఉదయానికి నేల మీద కనిపిస్తుంది.

రెండవది సాధారణ గప్పీ. దోమల నివారణకు నీటి గుంతలలో వదిలే ఆ చిన్న చేప కఠిన జలానికి అలవాటు పడుతుంది, పిల్లలను కంటుంది, పిల్లలకు గిరాకీ ఉన్నది. అయితే పెద్ద తోకతో, ఖరీదైన రంగులతో వచ్చే గప్పీలు వేరు. రంగు కొరకు తరతరాలుగా దగ్గరి సంబంధాలలో పెంచినందున వాటి ఓర్పు తగ్గినది. తొలి తొట్టెకు స్థానికంగా పెరిగిన మామూలు గప్పీలను మాత్రమే తీసుకొనవలెను. ఒక మగ చేపకు రెండు మూడు ఆడ చేపల చొప్పున ఐదారు చాలును. ప్లాటీ కూడా ఇదే కోవలోనిది.

రోజీ బార్బు గట్టి చేపే గాని జీబ్రా కన్న పెద్దదిగా పెరుగుతుంది, చల్లని నీటిని కోరుతుంది. ఉత్తర భారతపు చలికాలంలో దానితో ఆరంభించవచ్చును; మన ఏప్రిల్, మే నెలలలో తగదు. టైగర్ బార్బు బ్రతుకుతుంది, కాని తరువాత చేర్చే చేపల రెక్కలను కొరుకుతుంది. ఫైటరు, గౌరామి విషయంలో ఒక భ్రమ ఉన్నది. ఇవి పైకి వచ్చి గాలి పీల్చగలవు కనుక ప్రాణవాయువు తగ్గినా బ్రతుకుతాయి. అంతమాత్రాన అమ్మోనియా వాటి మొప్పలను వదలిపెట్టదు. నియాన్ టెట్రా, ఏంజెల్, డిస్కస్ వంటివి కొత్త తొట్టె దరిదాపులకు రారాదు. గాజు చేపలకు సూదితో రంగు ఎక్కించి అమ్మినచో ఏ తొట్టెకూ కొనరాదు.

నాచు తింటుందని చెప్పి అంటగట్టే సక్కర్ చేపను గురించి ప్రత్యేకంగా హెచ్చరించవలెను. అది అడుగున్నరకు పైగా పెరుగుతుంది. విసుగెత్తినవారు కాలువలో వదలిపెట్టగా మన చెరువులలో చేరి వలలు చింపుతున్నది.

చేప ఓర్చుకొంటున్నది అంటే దానికి బాధ లేదని అర్థం కాదు. చచ్చినా నష్టం లేదు కదా అని నాసి చేపలను తొలి వంతుగా పడవేయడం పొరపాటు. చచ్చిన చేప తొట్టెను మరింత పాడుచేస్తుంది, రోగాన్ని మిగిల్చిపోతుంది. చేపలు లేకుండా కూడా తోడుపెట్టవచ్చును: ఖాళీ తొట్టెలో రోజూ చిటికెడు మేత వేయడం, లేదా స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడు 45 లీటర్లకు సుమారు 0.35 గ్రాము కలిపి లీటరుకు 2 మిల్లీగ్రాముల నత్రజని తెప్పించడం. కళాయి పూతకు వాడే నవాసారం ఇదే పదార్థమైనను బజారు సరుకు శుద్ధత తెలియదు, వాడరాదు.

కొనుగోలు, మొదటి వారాలు

చెన్నైలోని కొళత్తూరు నుండి, హౌరా ప్రాంతం నుండి చేపలు ప్రాణవాయువు నింపిన సంచులలో సుదూర ప్రయాణం చేస్తాయి. ఆ బడలిక తీరకముందే కొన్నచో గట్టి జాతి చేప కూడా నిలువదు. దుకాణానికి వచ్చి వారమైనా గడిచినదా అని అడగవలెను. రెక్కలు విప్పి చురుకుగా తిరిగేవి, ఒంటిపై తెల్ల చుక్కలు లేనివి, అదే తొట్టెలో చచ్చిన చేప లేనివి ఎంచవలెను. ఇంటికి తెచ్చిన సంచిని పావుగంట తొట్టె నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టె నీరు కలిపిన తరువాత చేపలను మాత్రమే వదలి సంచి నీరు పారబోయవలెను.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలనే కాక తోడు సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలువ ఉంచి గాలి ఆడించి వాడవలెను. స్పంజిని కుళాయి క్రింద కడగడం కూడా ఇదే తప్పు. తొట్టె నుండి తీసిన నీటిలోనే పిండవలెను.

తొలి పది రోజులు అమ్మోనియా, ఆపై రెండు మూడు వారాలు నైట్రైటు పెరుగుతాయి. అమ్మోనియా, నైట్రైటు పరీక్ష చుక్కల మందులు భీమవరం, కైకలూరు వంటి చోట్ల రొయ్యల రైతులకు పరిచితమైనవే. రెంటిలో ఏది లీటరుకు అర మిల్లీగ్రాము దాటినా మేత ఆపి నాలుగవ వంతు నీరు మార్చవలెను. నైట్రైటు దశలో చేపల మొప్పలు గోధుమ రంగుకు తిరిగి, గాలి ఆడుతున్నా ఆయాసపడతాయి. లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పలలోకి వెళ్ళకుండా అడ్డుకొంటుంది. కరెంటు కోత మరొక శత్రువు. స్పంజిలోని జీవులకు ప్రాణవాయువు చేపలతో సమానంగా కావలెను. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును ప్రాజెక్టు వ్యయంలోనే చేర్చడం మంచిది.

ఋణ పంపిణీ విషయం

పై కారణాలచేత చేపల పద్దు క్రింది సొమ్మును తొట్టెల సొమ్ముతో కలిపి ఒకే విడతగా తీసుకొనడం పెంపకందారుకు లాభం కాదు. మొదటి విడతలో తొట్టెలు, పంపు, స్పంజులు, పరీక్షా మందులు, ఐదారు జీబ్రా చేపలు. అమ్మోనియా, నైట్రైటు రెండూ వరుసగా వారం రోజులు సున్నా చూపిన తరువాత తల్లిచేపలకు రెండవ విడత. వాయిదాల విరామాన్ని కూడా ఈ ఆరు వారాలు కలుపుకొని కోరవలెను. ప్రాజెక్టు నివేదికలో ఈ మాట ముందే వ్రాసినచో క్షేత్రాధికారికి అర్థమవుతుంది.

తొట్టెలన్నిటికీ విడివిడిగా ఆరు వారాలు వేచి ఉండనవసరం లేదు. మొదటి తొట్టెలో ఆరంభం నుండే నాలుగు స్పంజులు ఉంచితే, అది తోడుకొన్న తరువాత ఒక్కొక్క స్పంజిని ఒక్కొక్క కొత్త తొట్టెకు తడి ఆరకుండా మార్చవచ్చును. ఆ తొట్టెలలో కూడా చేపలను వారానికి కొన్ని చొప్పుననే పెంచవలెను. చేపలన్నీ అమ్ముడుపోయిన రోజున ఏ తొట్టెనూ పూర్తిగా ఖాళీగా వదలరాదు. మేత లేక స్పంజిలోని జీవులు క్రమంగా క్షీణిస్తాయి. ఆ తొలి జీబ్రా చేపలను అమ్మక అట్టిపెట్టుకొని, ఖాళీ అయిన తొట్టెలోకి తదుపరి విడత వచ్చేవరకు మార్చుతూ ఉండవచ్చును.