నేరశాస్త్రము: మన పిల్లలకు తగిన కళాశాలను ఎన్నుకొను విధము

పండ్రెండవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి మన యిండ్లలో ఒకటే ప్రశ్న: పిల్లవానిని ఏ చదువునకు పంపవలెను? ఈ నడుమ కొందఱు విద్యార్థులు క్రిమినాలజీ, అనగా నేరశాస్త్రము, చదివెదమని కోరుచున్నారు. అది పోలీసు ఉద్యోగపు చదువని తలంచి సంతసించు తల్లిదండ్రులు కలరు. దొంగలను గూర్చిన చదువు మనకేల యని వెనుకాడువారును కలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ఆ శాస్త్ర మెట్టిదో తెలిసికొనిన పిమ్మటనే కళాశాలను వెదకుట మేలు.

శాస్త్ర స్వరూపము

నేర మెందువలన జరుగుచున్నది? శిక్షవలన మనుష్యుడు మారునా? నష్టపడినవానికి న్యాయ మెట్లు చేకూరును? ఈ ప్రశ్నలను విచారించునది నేరశాస్త్రము. 1876లో ఇటలీదేశపు వైద్యుడు లాంబ్రోసో, కొందఱు పుట్టుకతోనే నేరస్థులనియు, పుఱ్ఱె, దవడ మొదలగువాని ఆకారమునుబట్టి వారిని గుర్తింపవచ్చుననియు వాదించెను. 1885లో ఆ దేశపు న్యాయవేత్త గరోఫాలో తన గ్రంథమునకు ఈ శాస్త్రపు పేరే పెట్టెను. 1913లో ఆంగ్ల వైద్యుడు గోరింగ్ సుమారు మూడువేలమంది ఖైదీలను పరీక్షించి, శరీరలక్షణములచే వేరుపడు నేరస్థజాతి యేదియు లేదని చూపెను. ఊహను పరీక్షకు నిలిపి, తప్పైనచో విడుచుటయే శాస్త్రము.

మనకు దానితో సంబంధము

పుట్టుకనుబట్టి మనుష్యుని దొంగ యనుట పుస్తకములలోనే నిలువలేదు. లాంబ్రోసో గ్రంథమునకు ముందే, 1871లో, మన దేశమున క్రిమినల్ ట్రైబ్స్ చట్టము పుట్టెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. పట్టికకెక్కిన కులమున పుట్టినవాడు ఏ నేరమును చేయకున్నను, వ్రేలిముద్రలిచ్చి, ఠాణాలో హాజరు చెప్పుకొనవలసివచ్చెడిది. ఆంధ్రదేశమున బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము అట్లు ఎఱుకలవారి కొఱకు ఏర్పడిన సెటిల్మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను.

ఎట్టయాపుర సంస్థానాధీశులు తెలుగు మాటలాడు కంబళత్తు నాయకులు. అదే సమూహమునకు చెందిన తొట్టియ నాయకుల పేరు, తమిళనాట కొన్ని జిల్లాలకు సంబంధించి, విముక్త జాతుల పట్టికలో నేటికిని ఉన్నది. ఒక సమూహమున సంస్థానాధీశులును కలరు, ముద్రపడినవారును కలరు. కావున ఈ చదువు మనకు పరాయిది కాదు.

మూడు త్రోవలు

తల్లిదండ్రులు తఱచుగా మూడు చదువులను ఒకటిగా భావింతురు. మొదటిది నేరశాస్త్రము. దీని ఎం.ఏ. తరగతికి సాధారణముగా ఏ డిగ్రీ పొందినవారైనను చేరవచ్చును. రెండవది ఫోరెన్సిక్ సైన్సు. రక్తము, విషము, వ్రేలిముద్రలు మున్నగువానిని ప్రయోగశాలలో పరీక్షించు విద్య యిది. దీనికి సైన్సు చదువు ఆధారము. కావున పదవ తరగతి ముగియగానే, పదునొకండవ తరగతిలో గ్రూపును ఎన్నుకొనునప్పుడే, నిర్ణయము జరుగవలెను. ఆ పిమ్మట చింతించిన ప్రయోజనము స్వల్పము. మూడవది న్యాయశాస్త్రము.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమునకు వచ్చి సాక్ష్యములు సేకరింపవలెనని విధించినది. దానిని అమలుపఱచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల వరకు గడువు కలదు. రెండవ త్రోవయందు కోరికగల పిల్లలు ఈ సంగతి గమనింపదగును.

ఎచ్చట చదువవచ్చును?

మనకు సమీపమున తిరునెల్వేలిలో మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయమున నేరశాస్త్ర విభాగము కలదు. కోవిల్పట్టిలో రైలెక్కి పోగల దూరమే గాన, ఆడపిల్లను దూరదేశమునకు పంప జంకువారికి ఇది యొక వీలు. చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయమునందును ఈ విభాగ మున్నది. కర్ణాటకమున ధార్వాడలోను, మధ్యప్రదేశమున సాగరులోను విశ్వవిద్యాలయములు ఈ విద్య నేర్పుచున్నవి. సాగరు విభాగము 1959లో మొదలైనది. ఫోరెన్సిక్ విద్యకు గాంధీనగరమున, 2020 నాటి పార్లమెంటు చట్టముచే ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయము కలదు.

అడుగవలసిన ప్రశ్నలు

కళాశాల భవనమును, ప్రకటన కాగితమును చూచి మోసపోరాదు. చేరుటకు ముందు ఈ క్రింది సంగతులను స్వయముగా విచారింపుడు.

1. ఆ డిగ్రీ యిచ్చు విశ్వవిద్యాలయమునకు యు.జి.సి. గుర్తింపు కలదా?

2. ఈ శాస్త్రమునందే పట్టభద్రులైన స్థిరోపాధ్యాయులు ఎందఱు? ఇతర విభాగములనుండి అరువు దెచ్చుకొనినవారు ఎందఱు?

3. విద్యార్థులను జైలునకు, న్యాయస్థానమునకు, బాలల గృహమునకు పంపి పని నేర్పుచున్నారా? తరగతి గది దాటని నేరశాస్త్రము, నీటిలో దిగని యీత వంటిది.

4. ఫీజు, వసతి, భోజనము కలిపి మొత్తము వ్యయ మెంత? ఉపకారవేతనము దొరకునా?

5. గత రెండేండ్లలో చదివి వెడలినవారు నేడు ఏమి చేయుచున్నారు? ఈ ప్రశ్నకు అధికారి చెప్పిన జవాబుకంటె, పూర్వవిద్యార్థి చెప్పిన జవాబు విశ్వసనీయము.

ఇంకొక సత్యము దాచరాదు. ఈ డిగ్రీ పొందినంతమాత్రమున ఖాకీ దుస్తులు లభింపవు. సబ్ ఇన్స్పెక్టరు పరీక్షకు ఏ డిగ్రీ యైనను చాలును, పోటీలో నెగ్గవలసినదే. నేరశాస్త్రము చదివినవారు జైళ్ల సంక్షేమము, ప్రొబేషన్, బాలల రక్షణ మొదలగు శాఖలలోని ఉద్యోగములకు ప్రయత్నింపవచ్చును. నెట్ పరీక్షలోను ఈ శాస్త్ర మొక విషయముగా నున్నందున, అధ్యాపకులు కాగోరువారికి ఆ త్రోవయు కలదు.

మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో తమిళము, తరగతిలో ఆంగ్లము నేర్చి పెరుగుచున్నారు. ఠాణాలోనో జైలులోనో తన మాట తెలిసినవాడు లేక దిక్కుతోచక నిలిచిన వానికి, ఇట్టి పిల్ల యొకరు ఎదురుపడుట ఎంత ఉపకారమో ఆలోచింపుడు. పుట్టుకను చూచి కాక, జరిగినదానిని విచారించి తీర్పు చెప్పవలెనను బుద్ధిని ఏ కళాశాల నేర్పునో, అదియే మన పిల్లలకు తగిన కళాశాల.