ఆటగాడి బతుకుతెరువు: తులసీదాస్ బలరాం

మన బషీర్‌బాగ్ కళాశాలకు ఎదురుగానే ఫతే మైదాన్. 1967 నుంచి లాల్ బహదూర్ స్టేడియం అంటున్నాం. ఆ గోడ పక్కనుంచే రోజూ క్లాసుకొచ్చే నాకు నిన్నమొన్నటిదాకా బలరాం ఎవరో తెలీదు. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కెనడాలో ఐస్ హాకీ ఆడేవాడికి ఆటే ఉద్యోగం. 1950లలో మన ఫుట్‌బాల్ ఆటగాడు మాత్రం కాగితం మీద ఔత్సాహికుడే. పొట్ట గడవాలంటే పోలీసు శాఖో, రైల్వేయో చేరదీయాలి.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టారు బలరాం. సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కంటపడ్డారు. అంతదూరం నుంచి ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చేవారట! 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వెళ్లారు; మనకు నాలుగో స్థానం. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్. ఇక్కడి మేటి ఆటగాళ్లు చాలామంది అటే పోయారు మరి.

1960 రోమ్‌లో హంగేరీపై 1-2తో ఓడాం. ఆ ఒక్క గోలూ బలరాందే. చివరికి కాంస్యం గెలిచింది ఆ హంగేరీయే సుమా! పెరూపైనా ఒక గోలు కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు.

1963లో రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో చేరారు. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. ముప్పై నిండకుండానే ఆట ముగిసింది. మళ్లీ అమ్ముగూడకు మకాం మార్చలేదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు.